శాస్త్రముల పొత్తు



నేను తెలుగు పండితుడను. బాల్యమున మా మాతామహుల కడ అమరమును శబ్దమంజరిని వల్లించి, పిదప ప్రాచ్య కళాశాలలో కావ్యములు చదివి, ఈ యిబ్రహీంపట్నము చుట్టుపట్టుల బడులలో ముప్పది యేండ్లకు పైగా ఛందస్సును వ్యాకరణమును చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. గణితమన్న నాకు చిన్ననాటి నుండియు జంకు. అట్టివాడు సంఖ్యాశాస్త్రమును గుఱించి ప్రసంగించుట యేమని నన్నెఱిగినవారు నవ్వుకొనవచ్చును. నాకీ విషయముపై ఆసక్తి కలిగించినది గణితము కాదు; అరకిలో వడ్లు. ఆ సంగతికి కొంచెము సేపటిలో వత్తును.

నలోపాఖ్యానము మీ రెఱుగనిది కాదు. ఋతుపర్ణ మహారాజు విదర్భకు పోవుచు దారిలో ఒక తాండ్రచెట్టును చూపి, దాని కొమ్మలయందు ఇన్ని యాకులు, ఇన్ని కాయలు కలవని చెప్పెను. బాహుకుడై రథము తోలుచున్న నలుడు నమ్మలేదు. రథము నాపి, చెట్టును నఱికి, లెక్కించి చూచెను. రాజు చెప్పిన లెక్క సరిపోయెను. అప్పుడు నలుడు ఆ విద్యను తనకిమ్మని యడుగగా, ఋతుపర్ణుడు అక్షహృదయమును అతని కుపదేశించి, ప్రతిగా తనకు రావలసిన అశ్వహృదయమును అతని యొద్దనే నిక్షేపముగా నుంచెను. కలి నలుని విడిచిపోవుటకై ఈ ఘట్టమును మనము చదువుదుము; నేనును అట్లే ముప్పది మాఱులు పాఠము చెప్పితిని. ఇప్పుడు చదివినచో నాకు మఱియొకటి కనబడుచున్నది. ఒకనికి లెక్క తెలియును, గుఱ్ఱము తెలియదు. ఇంకొకనికి గుఱ్ఱము తెలియును, లెక్క తెలియదు. ఒకరి విద్య నొకరు అడిగి తీసికొనిరి. రాజు తన సారథిని అడుగుటకు సిగ్గుపడలేదు. రాజు ఆకులన్నిటిని లెక్కించియుండడనియు, ఒక చిన్న రెమ్మను లెక్కించి రెమ్మల సంఖ్యచే హెచ్చించియుండుననియు కొందఱు పండితులు ఊహింతురు. ఆ యూహ సరియైనదైనచో సంఖ్యాశాస్త్రమునకు మన దేశమున ఆద్యుడాయనయే.

న్యాయములలో స్థాలీపులాక న్యాయమని యొకటి కలదు. కుండలోని యన్నము ఉడికినదా లేదా యని యెఱుగుటకు మెతుకులన్నిటిని ఒత్తి చూడనక్కఱలేదు. ఒక్క మెతుకు చాలును. కొంచెమును చూచి యంతటిని గ్రహించు ఈ న్యాయమే సంఖ్యాశాస్త్రమునకు పునాది. కాని యిందులో నొక చిక్కు కలదు. కుండలో నీరు మరగుచుండగా మెతుకులన్నిటికిని ఒకే వేడి తగులును. పొలమట్లు కాదు. తూము దాపుననున్న మడి వేఱు, ఆయకట్టు చివరనున్న మడి వేఱు. ఒక చోట ఎఱ్ఱ చెలక, ఒక చోట దుబ్బనేల, ఒక చోట రేగడి. కావున ఏ మెతుకును పట్టవలెనన్నదియే ప్రశ్న. దానికి సమాధానము చెప్పుటకు గణితవేత్త యొక్కడు చాలడు, వ్యవసాయ మెఱిగినవా డొక్కడును చాలడు. ఇద్దఱు కూర్చుండవలెను.

పూర్వము పంట యెంత యని పైవారు అడిగినప్పుడు గ్రామాధికారి గట్టుపై నిలిచి, కన్నులతో చూచి, పదాఱణాలకు ఇన్ని యణాల పంట యని చెప్పెడివాడు. బ్రిటిషు ఇండియాలో దీనికి ఆణావారి యని పేరు. శిస్తునకు భయపడువాడు తక్కువ చెప్పును. పైవారి మెప్పు కోరువాడు ఎక్కువ చెప్పును. ఇద్దఱును తాము నిజమే చెప్పితిమని నమ్ముదురు. 1923 మొదలు 1925 వఱకు బీహారు ఒరిస్సా రాష్ట్రమున హబ్బక్ అను దొర యొకడు, ఈ కంటి లెక్కను నమ్మక, వరి పొలములలో అక్కడక్కడ చిన్న తావులు కోయించి, తూచి, ఎంత తప్పు రావచ్చునో కూడ లెక్క కట్టెను. తరువాత కలకత్తాలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ అను భౌతికశాస్త్రాచార్యుడు 1931లో భారత సంఖ్యాశాస్త్ర సంస్థను స్థాపించి, వంగదేశమున జనుప పంటను ఈ విధముగానే కొలిపించెను. ఢిల్లీలో సుఖాత్మే యను మహాశయుడు గోధుమ వరి పైరులపై ఇట్టి పనియే చేసెను.

ఈ యిరువురకును కోయవలసిన తావు ఎంత యుండవలెనన్న విషయమున గట్టి వాదము నడచినది. సుఖాత్మే గారు చూపిన దేమనగా, తావు చిన్నదగు కొలది పంట ఎక్కువగా కనబడును. కారణము వినుడు. త్రాడు కట్టిన గీతపై నున్న మొక్క లోపలిదా బయటిదా యని సందేహము వచ్చినప్పుడు కోయువాని చేయి దానిని లోపలికే లాగును. ఇది మోసము కాదు, మనుష్య స్వభావము. ఇప్పుడు గీత యెంత పొడవో చూడుడు. ఒక మీటరు చదరపు తావునకు గీత 4 మీటర్లు. అయిదు మీటర్లు పొడవు అయిదు మీటర్లు వెడల్పు గల తావునకు గీత 20 మీటర్లు, నేల 25 చదరపు మీటర్లు. అనగా ఒక్కొక్క చదరపు మీటరునకు 80 సెంటీమీటర్ల గీత మాత్రమే. చిన్న తావులో సందేహపు మొక్కలు అయిదింతలు. మన రాష్ట్రమున వరికి నేటికిని అయిదు మీటర్ల చదరమునే కోయుదురు.

ఆ చదరము నెక్కడ పెట్టవలెనన్నది ఎవరి యిష్టమునకును విడువరాదు. గ్రామమును, సర్వే నంబరును ముందుగా అచ్చైన యాదృచ్ఛిక సంఖ్యల పట్టికను బట్టి యెన్నుకొందురు. పొలములో నైరృతి మూలయందు నిలిచి, పట్టికలో వచ్చిన రెండు సంఖ్యలను బట్టి పొడవున ఇన్ని యడుగులు, వెడల్పున ఇన్ని యడుగులు నడిచి, అడుగు ఆగిన చోట మేకు పాతుదురు. అక్కడ పైరు ఎండియుండినను, ఎలుక కొట్టియుండినను, బంగారము పండియుండినను అదియే కోయవలెను. వాస్తు చూచువారు నైరృతి మూల బరువుగా నుండవలెనందురు. సంఖ్యాశాస్త్రజ్ఞులు ఆ మూలనే యేల యెన్నుకొనిరో నే నెఱుగను గాని, మా యూరి రైతులకు ఆ మాట చెప్పినప్పుడు సంతోషించిరి.

ఇక అరకిలో వడ్ల సంగతి. నేను పదవి విడుచుటకు ముందు ఒక వానకాలపు పంట కోతల వేళ మా చుట్టుపట్టుల గ్రామములో పంటకోత ప్రయోగము జరుగుచుండగా, బడిపంతులను గాన నన్నును పెద్దమనిషిగా పిలిచిరి. వచ్చిన చిన్న యుద్యోగి మంచివాడే. ఎండ మిక్కుటముగా నుండెను. ఆయన కాగితము చూచి, మడి నడుమకు బురదలో పోవలసి వచ్చుననుకొని, బాట ప్రక్కనే కాలువ దాపున త్రాడు కట్టించెను. మాకు శ్రమ తప్పినదని నేను సంతోషించి ఆయనకు మజ్జిగ తెప్పించితిని. కాలువ దాపు పైరు బలిసియుండునని నాకు తెలియదా? తెలియును. అది యీ పనిలో తప్పగునని మాత్రము తోచలేదు. ఆ యేడు మా ప్రాంతమున వానలు ముఖము చాటు చేసినవి. ఆయకట్టు చివరి మళ్లు తాలు పోయినవి. అయినను ఆ యూరి సగటు పంట బీమా హద్దునకు కొంచెము పైన నిలిచినది. ఎవ్వరికిని పరిహారము రాలేదు. ఆ యొక్క తావు వలననే యట్లయ్యెనని నేను ప్రమాణము చేయజాలను. తక్కిన తావు లెట్లు కోసిరో నేను చూడలేదు. కాని నాటి మజ్జిగ నాకు నేటికిని గొంతు దిగలేదు.

లెక్క చూతము. ఎకరమునకు 4047 చదరపు మీటర్లు. చదరము 25 మీటర్లు గాన, చదరములో ఒక కిలో యన్న ఎకరమునకు సుమారు 162 కిలోలు. ఉదాహరణమునకు బీమా హద్దు ఎకరమునకు 2000 కిలోలనుకొందము. చదరముల సగటు 12 కిలోలు తూగినచో ఎకరమునకు 1942, హద్దునకు తక్కువ, ఎంత తక్కువయో ఆ పాలు పరిహారము వచ్చును. సగటు పండ్రెండున్నర తూగినచో 2023. ఊరికంతకు ఏమియు రాదు. నడుమనున్నది అరకిలో. ఒక చేటలో చేరెడు గింజలు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకము నుండి 2020లో మన రాష్ట్రము తొలగినది గాని, పంటకోత ప్రయోగములు ఆగలేదు. దేశమున ధాన్య మెంత పండినదన్న లెక్కకు వానియందే మూలము కలదు.

ఆ తరువాతనే నేను ఈ శాస్త్రమును గుఱించి దొరకిన పుస్తకములు చదువసాగితిని. అందు మన తెలుగువా డొకడు కనబడెను. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920 సెప్టెంబరు 10వ తేదీన బళ్లారి సీమలోని హడగళి యందు తెలుగు కుటుంబమున జన్మించిరి. తల్లిదండ్రులకు ఎనిమిదవ సంతానము గనుక కృష్ణుని పేరు పెట్టిరట. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున పట్టమంది, యుద్ధకాలమున ఉద్యోగమునకై కలకత్తా పోయి, 1941లో మహలనోబిస్ గారి సంస్థలో చేరిరి. ఇరువదియైదేండ్లు నిండకుండగనే 1945లో ఆయన ప్రకటించిన వ్యాసములోని యొక ఫలితము లోకమంతట ఆయన పేర నిలిచినది. దాని సారమును నేను గ్రహించినంత వఱకు చెప్పెదను: చేతనున్న సమాచారము ఇంత యైనప్పుడు, ఎంతటి నేర్పరి యైనను తన అంచనాలోని తప్పును ఒక హద్దునకు తగ్గింపజాలడు. నువ్వులలో నున్న నూనె కంటె గానుగ ఎక్కువ తీయజాలదు గదా. ఆ హద్దెంతయో రావుగారు లెక్కించి చూపిరి.

అది గణితము. ఇక పొత్తు వినుడు. 1946లో రావుగారిని ఇంగ్లండునందలి కేంబ్రిడ్జికి పిలిచినది గణితశాల కాదు, పురావస్తు మానవశాస్త్ర ప్రదర్శనశాల. సూడాను దేశమున జెబెల్ మోయా యనుచోట త్రవ్వకములలో దొరకిన పురాతన మానవుల యెముకలు అచట పెట్టెలలో నుండెను. ఆ జనులు ఎవరికి దగ్గఱి చుట్టములో తేల్చుటకు పుఱ్ఱెల కొలతలను పరిశీలింపవలసియుండెను. కొలతలు తీయుట మానవశాస్త్రము వారి పని. వానిని పోల్చుట సంఖ్యాశాస్త్రము పని. పోల్చుట సులభమనుకొనకుడు. అంగడిలో రెండు ఎడ్లను చూచి యెంత భేదమున్నదని అడిగితిరనుకొనుడు. ఎత్తులో నాలుగు వ్రేళ్ల భేదము, కాళ్ల పొడవులో మూడు వ్రేళ్ల భేదము, కొమ్ములలో ఒక వ్రేలి భేదము. మూడింటిని కూడి ఎనిమిదనవచ్చునా? పొడుగుపాటి యెద్దునకు కాళ్లును పొడుగై యుండును. కావున ఎత్తును కాళ్లను వేఱువేఱుగా కూడుట ఒకే భేదమును రెండు మాఱులు లెక్కించుటయే. కొమ్ములా, వేఱు సంగతి. ఇట్లు ఒకదానితో నొకటి ముడివడిన కొలతలను విడదీసి నిజమైన దూరమును చెప్పు సూత్రమును మహలనోబిస్ గారు 1936లో పూర్తిగా ఏర్పఱచియుండిరి. రావుగారు దానిని ఆ యెముకలకు పట్టించిరి. జెబెల్ మోయా గ్రంథము ముఖర్జీ, రావు, ట్రెవర్ అను మువ్వురి పేర 1955లో వెలువడెను. ఆ కాలముననే రోనాల్డ్ ఫిషర్ గారి కడ శిష్యుడై, 1948లో డాక్టరు పట్టమందిరి. ఫిషర్ గారును వ్యవసాయ క్షేత్రమున ఎరువుల లెక్కలు చూచుచునే ఈ శాస్త్రమును పెంచినవారు. పొలము లేక యీ శాస్త్రము లేదు.

రావుగారి మఱియొక పని నా ఛందస్సునకు దగ్గఱిది. ఒక రైతు నాలుగు సంగతులను పరీక్షింపదలచెననుకొందము: విత్తనము మూడు రకములు, ఎరువు మూడు మోతాదులు, నీరు మూడు విధములు, సాళ్ల యెడము మూడు కొలతలు. అన్ని కూర్పులను చూడవలెనన్న 81 మళ్లు కావలెను. అంత నేల యెవరికున్నది? తగిన తొమ్మిది కూర్పులను ఎన్నుకొన్నచో, ప్రతి విత్తనము ప్రతి యెరువుతో ఒక్కమాఱు, ప్రతి నీటితో ఒక్కమాఱు, ప్రతి యెడముతో ఒక్కమాఱు కలియును. ఎరువును నీరును కూడ నట్లే. ఎవరికిని పక్షపాతము లేదు. ఇట్టి కూర్పులు కొన్ని అంతకు ముందే తెలిసియుండినను, వానికి సామాన్య సూత్రమును 1947లో రావుగారు ఏర్పఱచిరి. తరువాత జపాను కర్మాగారములలో యంత్రభాగముల పరీక్షకు ఇట్టి కూర్పులనే విరివిగా వాడిరి. ఇది చదివినప్పుడు నాకు ‘యమాతారాజభానసలగం’ జ్ఞప్తికి వచ్చినది. గణములు ఎనిమిది, ఒక్కొక్కదానికి మూడక్షరములు, మొత్తము ఇరువదినాలుగు. కాని ఆ సూత్రమున అక్షరములు పదియే. మూడేసి చొప్పున జరుపుకొనుచు పోయినచో ఎనిమిది గణములును ఒక్కొక్కమాఱు వచ్చును. కొంచెములో అన్నిటిని ఇముడ్చు నేర్పు మన పిల్లలు వల్లించుచునే యున్నారు. పొలమునకు పనికివచ్చునని మాత్రము మనము చెప్పలేదు.

అయితే ఆ తొమ్మిది మళ్లలో నొక మెలిక కలదు. ఒకానొక విత్తనము ఒకానొక యెరువుతో కలిసినప్పుడు మాత్రమే విపరీతముగా పండునో, చచ్చునో, ఆ జత గుణమును తొమ్మిది మళ్లు తేటగా చెప్పజాలవు. అట్టిది జరుగునా జరుగదా యని గణితవేత్త తన గదిలో కూర్చుండి యెఱుగలేడు. భూమి నెఱిగినవానిని అడుగవలెను. హయత్‌నగరులో మెట్టసేద్యపు పరిశోధన క్షేత్రము వారును, 1972లో పటాన్‌చెరువున నెలకొన్న అంతర్జాతీయ సంస్థ వారును జొన్నలు, కందులు, సెనగలు పరీక్షించు మళ్లను గీయునప్పుడు సంఖ్యాశాస్త్రజ్ఞుడు విత్తుటకు ముందే అచట నుండవలెను. కోత యైన పిదప పిలిచినచో ఆయన చేయగలిగినది పరీక్ష యెందుకు చెడినదో చెప్పుట మాత్రమే. రావుగారు 2023 ఆగస్టు 22వ తేదీన అమెరికాలో నూటరెండేండ్ల వయస్సున దివంగతులైరి. ఆ యేటనే, డెబ్బది యెనిమిదేండ్ల నాటి ఆ వ్యాసమును ప్రధానముగా పేర్కొని, అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతిని ఆయన కిచ్చిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఆయన పేర నొక గణిత సంఖ్యాశాస్త్ర సంస్థ కలదు.

నీటి సంగతి యొక్కటి క్లుప్తముగా. మన పెద్దచెఱువు కుతుబ్‌షాహీల నాటిది. మత్తడి దూకిన యేడును, శికములో పశువులు మేసిన యేడును మన పెద్దలు గుర్తుంచుకొని చెప్పుదురు. 1926లో ఒరిస్సాయందు బ్రాహ్మణీ నది పొంగినప్పుడు, నది యడుగు ఒక అడుగు మేర పూడి పైకి వచ్చినదనియు, కట్టలు ఎత్తింపవలెననియు ఇంజనీర్లు చెప్పిరి. మహలనోబిస్ గారు సుమారు అఱువది యేండ్ల లెక్కలు తిరుగవేసి, నది యడుగు పెరుగనే లేదని చూపిరి. కట్టలు ఎత్తించుటకు కావలసిన ధనమంతయు వ్యర్థమై యుండెడిది. ఎన్నడో ఎవడో విసుగులేక ప్రతిదినము వ్రాసిన నీటిమట్టపు పుస్తకము లేనిచో ఆయన మాత్రమేమి చేయును?

వైద్యమునకు గణితమునకు గల పొత్తు మన ముంగిటనే మొదలైనది. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదు ప్రక్కన బేగంపేటలో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్, జ్వరపీడితుని కుట్టిన దోమ కడుపును సూక్ష్మదర్శినితో చూచి, అందు మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో నోబెలు బహుమానము వచ్చినది. ఇంతవఱకు చాలమంది యెఱుగుదురు. ఆ పిమ్మట ఆయన గణితమునకు దిగెనని తెలిసినవారు తక్కువ. దోమలను సమూలముగా చంపుట సాధ్యము కాదు గాన ప్రయత్నమే వ్యర్థమని ఆనాడు పలువు రనిరి. రాస్ 1908లో మారిషస్ ద్వీపమును గుఱించిన నివేదికలోను, 1911 నాటి గ్రంథములోను దానికి లెక్కతో బదులిచ్చెను. నూఱుగురు రోగులు తాము కోలుకొనులోపల దోమల ద్వారా నూటపదిమందికి జ్వరము నంటించినచో రోగము పెరుగును. తొంబదిమందికే అంటించినచో, ఆ తొంబదిమంది ఎనుబదియొకరికి, వారు డెబ్బదిమూగురికి, ఇట్లు తరుగుచు తరుగుచు రోగము తనంతట ఆఱిపోవును. కావున దోమలన్నిటిని చంపనక్కఱలేదు. ఒక హద్దునకు తగ్గించిన చాలును.

1950 తరువాత మాక్డొనాల్డ్ అను నాయన ఆ లెక్కను ఇంకొక మెట్టు ఎక్కించెను. క్రిమి దోమ కడుపులో ముదిరి ఇంకొకరికి అంటుటకు సుమారు పదిదినములు పట్టును. అంతవఱకు దోమ బ్రదికియుండవలెను. నూఱింటిలో దినమునకు పది చొప్పున చచ్చుచున్నచో పదవ దినమునకు ముప్పదియైదు మిగులును. దినమునకు ముప్పది చొప్పున చచ్చినచో మిగులునవి సుమారు మూడు. చావు మూడింతలైనది, అపాయము పండ్రెండవ వంతునకు తగ్గినది. గుంటలలో పిల్లపురుగులను చంపుటకంటె ఇంటి గోడలపై వ్రాలు పెద్ద దోమల ఆయువును తగ్గించుట మేలని దీనివలన తెలిసినది. మా చిన్నతనమున డీడీటీ చల్లువారు పంపులు మోసికొని వచ్చి, పడకటింటి గోడలకును మందు కొట్టి, తలుపుపై తేదీ వ్రాసి పోయెడివారు. పూజగది గోడకు కొట్టనీయనని మా నాయనమ్మ వారితో కలహించెడిది. చెఱువులో దోమలుండగా ఇంటిలో మందేమిటని ఆమె వాదము. ఆ ప్రశ్నకు సమాధానము లెక్కలో నున్నదని ఆ మందు చల్లువానికిని తెలియదు.

రాబోవు కోతల కాలమున మీ యూరికి పంటకోత ప్రయోగమునకు వచ్చినప్పుడు మీలో నిద్దఱు పొలమునకు వెళ్లుడు. మజ్జిగ ఇయ్యవచ్చును, అభ్యంతరము లేదు. నైరృతి మూలనుండి అడుగులు వేయుచున్నారో, బాటనుండి వేయుచున్నారో చూడుడు. సంఖ్యలు ఏ కాగితమున నున్నవో చూపుమని మర్యాదగా అడుగుడు. త్రాడు కట్టిన పిదప గీతపై నిలిచిన దుబ్బులలో, మొదలు సగమునకు మించి లోపల నున్నవానినే చేర్పవలెను, తక్కినవి బయటివే. తూచునప్పుడు దగ్గఱ నిలువుడు. ఆ యంకెను మీరును ఒక కాగితముపై వ్రాసికొని, తేదీ వేసి, గ్రామ పంచాయతీ పుస్తకములో దాచుడు.